ధన్యవాదాల కింద దొరికిన తీర్మానం

శాసనసభలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశానని చెప్పగానే ఎదుటివాళ్లు అడిగే మొదటి మాట, "అయితే పెద్ద పెద్ద నాయకుల్ని దగ్గర్నుంచి చూసుంటారే!" అని. పెద్దగా చూడలేదు. వాళ్లు మాట్లాడి వెళ్లిపోయాకే నా పని మొదలయ్యేది. సభలో ఎవరేం మాట్లాడారో రిపోర్టర్లు షార్ట్‌హ్యాండులో రాసుకుంటారు. తర్వాత అది టైపు అయి, అచ్చయి, లావుపాటి సంపుటాలుగా బైండవుతుంది. ప్రతి సంపుటం చివరా ఏ విషయం ఏ పేజీలో ఉందో చెప్పే విషయసూచిక ఉంటుంది చూశారూ, దాన్ని తయారుచేసేది నేను. అచ్చు కాగితాలు ముందేసుకుని, ఒక్కో విషయానికి ఒక్కో చీటీ రాసి, ఆ చీటీలను అక్షరక్రమంలో పేర్చడం. ఉద్యోగంలో చేరిన రోజున ఎవరో అడిగితే మా నాన్న, "మా అమ్మాయి అసెంబ్లీలో చీటీలు రాస్తుంది" అని చెప్పారు. అంతకంటే సరిగ్గా నేనూ చెప్పలేను.

ఇప్పుడు కొత్తగా ఆఫీసుల్లో చేరుతున్న పిల్లలు కొందరు మా పటమట ఇంటికి వచ్చినప్పుడు, "మీ సర్వీసులో మర్చిపోలేని పని ఒకటి చెప్పండి" అంటుంటారు. ఘనకార్యాలేమీ లేవు గాని, ఒక తప్పు ఉంది. ఆ తప్పు వల్ల నేను నా ఉద్యోగంలో ఎన్నడూ నవ్వనంతగా నవ్విన రోజు కూడా ఒకటి ఉంది. అదే చెబుతాను.

ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాదులో చేరాను. రాష్ట్రం విడిపోయాక ఆఫీసు కృష్ణ అవతలి ఒడ్డుకు వచ్చింది. మా సంపుటాలు లారీలెక్కి వచ్చాయి, వాటి వెనకే నేనూ వచ్చాను. పొద్దున్నే పటమటలో స్టాఫ్ బస్సెక్కితే బ్యారేజీ మీదుగా నది దాటించి ఆఫీసు దగ్గర దింపేది. మా గదిలో చివరికి ఇద్దరమే మిగిలాం. రెండోవారు ప్రూఫ్ రీడరు. వన్ టౌన్‌లో పుస్తకాలు బైండింగు చేసే కుటుంబం వారిది. అందరూ ఆయన్ని భాయ్ గారనే పిలిచేవాళ్లు. పుట్టింది ఉర్దూ మాట్లాడే ఇంట్లో. తెలుగులో ఒత్తు పోతే మాత్రం గది అవతలి మూల నుంచి కనిపెట్టేవారు. "మేడంగారూ, మీ 'అధ్యక్షుడి'కి పొట్ట చీలలేదండీ" అని నవ్వేవారు. చూస్తే 'ధ' బదులు 'ద' పడివుండేది.

నాకు రిటైర్మెంటు ఇంకా రెండు నెలలు ఉందనగా బడ్జెట్ సమావేశాలు మొదలయ్యాయి. ఒక సోమవారం మా డిప్యూటీ సెక్రటరీ గారు పిలిపించారు. మా అబ్బాయి కంటే చిన్నవాడు. పరీక్ష రాసి పైకి వచ్చిన మనిషి, పనిలో పదును, మొహంలో నవ్వు తక్కువ. ఆయన టేబుల్ మీద ఒక్క కాగితం కూడా ఉండేది కాదు, లాప్‌టాప్ తప్ప.

"మేడం, శుక్రవారం సభలో ఒక తీర్మానం వస్తోంది. పాత తీర్మానాల్ని ఉపసంహరించుకోవాలి" అన్నారు.

ఆ పాత తీర్మానాల కథ కొంచెం చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో, ఢిల్లీ మీద కోపం వచ్చిన ఒకటి రెండు సందర్భాల్లో మన సభ కేంద్రాన్ని ఒక పెద్ద కోరికే కోరింది. మళ్లీ ఒక రాజ్యాంగ సభను పిలవండి, రాజ్యాంగాన్ని మొదట్నుంచీ తిరగరాసుకుందాం అని. కేంద్రం జవాబివ్వలేదు. కోరినవాళ్లూ మర్చిపోయారు. ఇప్పుడు అన్ని పార్టీలూ కూర్చుని, ఆ కోరికలను వెనక్కి తీసుకోవడమే మంచిదని ఒక మాట మీదకు వచ్చాయట. అన్ని పార్టీలూ ఒక మాట మీదకు రావడం నా సర్వీసులో నేను బాగా తక్కువగా చూసిన వింత.

"ఎప్పుడో అడిగి మర్చిపోయిన వాటిని ఇప్పుడు వెనక్కి తీసుకోవడం ఎందుకండీ?" అన్నాను.

"మనం మర్చిపోతాం, కాగితం మర్చిపోదు కదా మేడం. రేపు ఎవరైనా ఇన్ని రాష్ట్రాలు రాజ్యాంగాన్ని తిరగరాయమన్నాయని ఢిల్లీలో చూపిస్తే, అందులో మన పేరు ఉంటుంది. తేదీలతో సహా ఒక్కొక్కటీ చెప్పి వెనక్కి తీసుకోవాలి. ఒక్కటి మిగిలినా అది బతికున్నట్టే." లాప్‌టాప్ నా వైపు తిప్పారు. "రెండున్నాయి. తేదీలు సరిచూసి సంతకం పెట్టండి చాలు."

నేను చూశాను. తేదీలు రెండూ సరైనవే. కాని చెయ్యి కదల్లేదు.

"సర్, మూడుండాలండీ."

"ఇండెక్స్‌లో రెండే ఉన్నాయి."

"అవునండీ."

"ఆ రోజుల్లో ఇండెక్స్ చేసింది ఎవరు?"

"నేనేనండీ."

ఆయన నన్ను కాసేపు చూశారు. "మీరే చేసిన ఇండెక్స్ తప్పంటున్నారా?"

"తప్పో కాదో తెలీదండీ. మూడోసారి కూడా అడిగారని మా రిపోర్టరు మాస్టారు నాతో అన్నారు. క్యాంటీన్లో. మిరపకాయ బజ్జీ తింటూ."

ఆ చివరి ముక్క అనకుండా ఉండాల్సింది. డిప్యూటీ సెక్రటరీ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మేడం, మిరపకాయ బజ్జీని నేను సెక్రటరీ గారికి ఎలా చూపించను? బుధవారం సాయంత్రం కల్లా పేజీ చూపిస్తే మూడు. లేకపోతే రెండే" అన్నారు. ఆయన మాటలో కోపం లేదు. న్యాయంగానే ఉంది.

మాస్టారంటే అప్పటి మా సీనియర్ రిపోర్టరు. సభలో ఎంత గోల జరుగుతున్నా ఎవరి మాట వాళ్లకు విడదీసి రాయగల చెవి ఆయనది. కొత్తగా చేరిన నాకు పని నేర్పింది ఆయనే. ఆ రోజు క్యాంటీన్లో చేతులు తుడుచుకుంటూ, "మూడోసారి కూడా అడిగేశారమ్మాయ్! ఇక ఢిల్లీవాళ్లు సంచులు సర్దుకోవాల్సిందే" అని నవ్వడం నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. ఏ సంవత్సరం, ఏ సమావేశం అన్నది మాత్రం గుర్తులేదు. నేను ఆయనతో పనిచేసిన ఆరేడేళ్లలో ఎప్పుడైనా కావచ్చు. ఆరేడేళ్ల సభ అంటే ఒక గోడ నిండా సంపుటాలు.

భాయ్ గారికి చెప్పాను. ఆయన కుర్చీ వెనక్కి జరిపి, "ఏ గోడండీ?" అన్నారు. ఆ రోజంతా ఇద్దరం పేజీలు తిప్పాం. సంపుటాలన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టారు గాని అవి బొమ్మలు మాత్రమే. వెతికితే దొరికేవి ఇండెక్స్‌లోని మాటలే. ఇండెక్స్ నేను చేసిందే. అంటే నన్ను నేనే వెతుక్కుంటున్నాను. సాయంత్రానికి నాలుగు సంపుటాలయ్యాయి. ఇంకా ముప్పైకి పైగా ఉన్నాయి.

"ఇలా అయితే శుక్రవారం కాదు, మీ రిటైర్మెంటు కూడా దాటిపోతుంది. ఆ మాస్టారు ఇప్పుడెక్కడ ఉంటారు మేడంగారూ?" అన్నారు భాయ్ గారు.

"ఉయ్యూరు."

"మరి ఇంకా కూర్చున్నారేంటండీ!"

మంగళవారం ఇద్దరం సెలవు పెట్టి బందరు బస్సెక్కాం. కంకిపాడు దాటేసరికి ముందు చెరకు ట్రాక్టర్లు వరసగా నడుస్తున్నాయి. ఫ్యాక్టరీలో క్రషింగు జోరుగా సాగుతోంది. బస్సు ఎంత హారన్ కొట్టినా ట్రాక్టరు నడిపేవాళ్లకు తొందర లేదు. ఉయ్యూరు దగ్గరపడుతున్న కొద్దీ గాలిలో చెరకు మడ్డి వాసన, తియ్యగా ఘాటుగా. భాయ్ గారు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఈ ఊళ్లో ఉన్నాయన మనసు పుల్లగా ఉండే అవకాశం లేదండీ" అన్నారు.

ఆ మాట నిజమే. మాస్టారికి ఎనభై దాటాయి. నడుం కాస్త వంగింది గాని గొంతు మారలేదు. నన్ను చూడగానే, "ఏమ్మాయ్, చీటీలన్నీ అయిపోయాయా?" అన్నారు. వాళ్లావిడ పెసరట్లు వేస్తానని వంటింట్లోకి వెళ్లారు. వద్దన్నా వినలేదు.

విషయం చెప్పాను. మాస్టారు కళ్లు మూసుకున్నారు. "అడిగిన మాట నిజం. ఆ పది నిమిషాలు నా వంతే. ఏ సంవత్సరమో మాత్రం..." అని ఆగి, లేచి బీరువా తీశారు. లోపల డైరీలు. ఏడాదికి ఒకటి చొప్పున, సర్వీసులో చేరిన నాటి నుంచి. తెరిచి చూస్తే గీతలు, చుక్కలు, కొక్కేలు. మొత్తం షార్ట్‌హ్యాండే.

"నలభై ఏళ్ల డైరీలమ్మా. నా గురించి ఏం రాశారో ఒక్క ముక్క తెలీదు నాకు" అన్నారు ఆవిడ పెసరట్టు ప్లేటు నా చేతికిస్తూ. "మంచో చెడో చదివి చెప్పమంటే నవ్వుతారు."

"చెడు రాసుంటే తెలుగులోనే రాసేవాణ్ణి, నువ్వు చదివి దిద్దుకుంటావని" అన్నారు మాస్టారు. భాయ్ గారికి పొలమారింది.

మాకు చదవడం రాదు కాబట్టి సాయం చేయలేం. ఆయన ఒక్కడే వేలితో గీతల మీద నడుస్తూ, పెదాలు కదుపుతూ పేజీలు తిప్పారు. గంటన్నర గడిచింది. నేను మూడో పెసరట్టుకు వచ్చాను. ఐదో డైరీ సగంలో ఆయన వేలు ఆగింది.

"ఇదుగో. రాసుకో అమ్మాయ్" అన్నారు, సభలో చదివి వినిపించే పాత గొంతుతో. "'సమావేశాల ఆఖరి రోజు. చివరి పది నిమిషాలు నా వంతు. ఒకటే గోల. ముగింపు మాటల మధ్యలో తీర్మానం తెచ్చారు. మూజువాణి ఓటు. రాజ్యాంగ సభ, మూడోసారి. తర్వాత బజ్జీలు. చీటీల అమ్మాయికి చెబితే నవ్వింది.'" తేదీ కూడా చదివారు.

తేదీ రాసుకున్నాను. సంతోషమే, కాని దాని వెనకే ఇంకోటి తగిలింది. చెబితే నవ్వింది అంటే, సూచిక చేయకముందే, ఆ రోజే నాకు తెలుసన్నమాట. తెలిసి కూడా చీటీ ఎందుకు రాయలేదు?

ఆ ప్రశ్నకు జవాబు బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకు దొరికింది. మాస్టారు చెప్పిన సమావేశం సంపుటం భాయ్ గారే దింపారు. చివరికి తిప్పాను. సభ్యులు ఒకరి తర్వాత ఒకరు స్పీకర్ గారికి, సిబ్బందికి ధన్యవాదాలు చెబుతున్నారు. రెండో పేజీలోనూ ధన్యవాదాలే. మూడో పేజీ మధ్యలో ఒక సభ్యుడు లేచి, "అధ్యక్షా, మీ అనుమతితో ఒక తీర్మానం" అన్నాడు. పన్నెండు లైన్లు. రాజ్యాంగ సభను తిరిగి పిలవాలి. ఆమోదించబడింది. మళ్లీ ధన్యవాదాలు. సభ నిరవధిక వాయిదా.

సూచికలో ఆ పేజీలకు ఎదురుగా ఒక్కటే మాట ఉంది: 'ధన్యవాదాలు - పలువురు సభ్యులు.'

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పేజీల ప్రూఫులు నా చేతికి వచ్చిన రోజే నాకు సెలవు మంజూరైంది. సాయంత్రం బెజవాడ బండి. నెలల తర్వాత ఇంటికి వెళ్తున్నాను. మొదటి నాలుగు లైన్లు చదివి, ఇవన్నీ ధన్యవాదాలేనని చీటీ రాసి, సంచి తీసుకుని పరుగెత్తాను. క్యాంటీన్లో విన్న మాట ఆ తొందరలో గుర్తే రాలేదు. రాజ్యాంగాన్ని మొత్తం తిరగరాయమన్న కోరికను ఇన్నేళ్లూ ధన్యవాదాల కింద పడుకోబెట్టింది నేనే.

భాయ్ గారు నా భుజం మీదుగా చదివారు. గొంతు తగ్గించి, "ఇది అచ్చేసిన ప్రెస్సు ఇప్పుడు లేదు మేడంగారూ. సూచికలో ఒక లైను ప్రెస్సువాళ్లు వదిలేశారంటే కాదనేవాళ్లెవరూ లేరు. రెండు నెలల్లో వెళ్లిపోయే మనిషి, ఇప్పుడెందుకండీ" అన్నారు. నా మీద అభిమానంతోనే అన్నారు. నిజం చెబుతున్నాను, ఒక నిమిషం పాటు ఆ మాట నాకు చల్లగానే తగిలింది.

కాని పాత చీటీలు ఇంకా మా గదిలోనే, రేకు పెట్టెలో ఉన్నాయి. భాయ్ గారు ఆ మాటన్నాక నేను పెట్టె తెరిచాను. నా చేతిరాతలో ఆ చీటీ ఉంది. కింద పొడి అక్షరాలు నావి. దాన్ని చించడానికి ఎంత సేపు పడుతుంది! కాని ముప్పై ఏళ్లు కాగితాన్ని నమ్ముకుని బతికిన మనిషిని. చీటీ చింపడం నా చేత కాలేదు. కాగితం తీసుకుని నోట్ రాశాను. పేజీ నంబరు, తేదీ, తీర్మానం పాఠం. చివర ఒక లైను: 'సదరు పేజీలను పూర్తిగా చదవకుండా సూచిక తయారుచేసినందువల్ల ఈ తీర్మానం నమోదు కాలేదు. తప్పు నాది.' చీటీని గుండుసూదితో జతచేశాను. భాయ్ గారు నోట్ చదివి, 'సదరు' కొట్టేసి 'ఈ' అని దిద్దారు.

డిప్యూటీ సెక్రటరీ గారు నిలబడే చదివారు. తర్వాత కూర్చుని ఇంకోసారి చదివారు.

"ఈ చివరి లైను రాయక్కర్లేదు కదా మేడం. పేజీ దొరికింది, చాలు."

"ఇండెక్స్‌లో లేనిది ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతారు సర్. ఎందుకు లేదో చెప్తేనే ఇది నిజమని నమ్ముతారండీ."

ఆయన చీటీని వెలుతురులో పట్టుకుని చూశారు. పెదవి వంపు తిరిగింది. తర్వాత, నేను ఆ ఆఫీసులో ఎన్నడూ వినని శబ్దం వచ్చింది. ఆయన నవ్వారు. "రాజ్యాంగాన్ని మార్చేయాలని... ధన్యవాదాలు... పలువురు సభ్యులు!" కళ్లల్లో నీళ్లు తిరిగేంతగా నవ్వి, కళ్లద్దాలు తీసి, "సారీ మేడం" అన్నారు. అప్పుడు నాకూ నవ్వొచ్చింది. తప్పు ఒప్పుకునేటప్పుడు ఇంత తేలిగ్గా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

నోట్ సెక్రటరీ గారి దగ్గరకూ, అక్కణ్ణుంచి మంత్రిగారి దగ్గరకూ వెళ్లింది. రెండు కాస్తా మూడైంది. నా మీద చర్య ఏమీ లేదు. 'ఇకముందు జాగ్రత్తగా ఉండవలెను' అని మాత్రం రాశారట. ఇకముందు అంటే రెండు నెలలు.

శుక్రవారం మాస్టారిని సందర్శకుల గ్యాలరీకి పిలిచాం. పాస్ ఏర్పాటు చేసింది డిప్యూటీ సెక్రటరీ గారే. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొద్దున్నే ఉయ్యూరు బస్సు దిగి, పటమటలో మాతోపాటు స్టాఫ్ బస్సెక్కారు. "ఇన్నేళ్లు సభలో కూర్చున్నాను గాని, పైనుంచి చూడ్డం ఇదే మొదటిసారి" అన్నారు, పెళ్లికి వచ్చినంత సంబరంగా.

ఇక ఏ అడ్డంకీ లేదనుకున్నాం. సభ మొదలవడానికి ముప్పావుగంట ముందు భాయ్ గారు మా గదిలోకి దాదాపు పరుగెత్తుకు వచ్చారు. చేతిలో ఆ రోజు కార్యక్రమ పత్రం.

"లోపల మూడు తీర్మానాలూ ఉన్నాయి. శీర్షిక చూడండి!"

శీర్షికలో 'రెండు తీర్మానాల ఉపసంహరణ' అనే ఉంది. పాతది దిద్దేటప్పుడు కింద మార్చారు, పైన వదిలేశారు. ప్రతులన్నీ అప్పటికే సభ్యుల బల్లల మీద పెట్టేశారు. మళ్లీ అచ్చు వేసే టైం లేదు. డిప్యూటీ సెక్రటరీ గారికి ఫోన్ చేస్తే, సవరణ చీటీ వేసి ప్రతి ప్రతికీ పెట్టేయమన్నారు. 'శీర్షికలో రెండు అనుచోట మూడు అని చదువుకొనవలెను.' జిరాక్సు తీసి, కత్తెరతో ముక్కలు చేసి, భాయ్ గారు అటు వరసలు, నేను ఇటు వరసలు. మా వెనకే డిప్యూటీ సెక్రటరీ గారు కూడా కోటు విప్పి వచ్చి మధ్య వరసలు తీసుకున్నారు. మొదటిసారి సభ లోపల నడిచాను. ఎన్ని సార్లు ఈ బల్లల మీద జరిగిన గోలను చీటీలకెక్కించానో! ఆఖరి బల్ల మీద ఆఖరి చీటీ పెట్టి తలుపు దాటామో లేదో, గంట మోగింది.

మేం పైకి వెళ్లి గ్యాలరీలో మాస్టారి పక్కన కూర్చున్నాం. తీర్మానం పదకొండున్నరకు వచ్చింది. మంత్రిగారు మూడు పాత తీర్మానాలనూ తేదీలతో చదివారు. మూడోదాని దగ్గర ఆగి, "ఇది దొరకడానికి కొంచెం కష్టమైంది అధ్యక్షా. పేజీ చదవకుండా చీటీ రాసేశారట, మన రికార్డుల్లో ధన్యవాదాల కింద ఉంది" అన్నారు. సభలో అక్కడక్కడా నవ్వులు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

అప్పుడు ఎడమవైపు నుంచి ఒక పెద్దాయన లేచారు. తెల్ల పంచె, లాల్చీ. డెల్టాలో వ్యవసాయం చేసుకునే కుటుంబం. చాలాసార్లు గెలిచి, కొన్నిసార్లు ఓడి, ఆ దఫా మళ్లీ గెలిచి వచ్చారు. మాస్టారు నా మోచేతిని పట్టుకున్నారు. "అమ్మాయ్! ఆయనే. ఆ రోజు ఆ మూడో తీర్మానం పెట్టింది ఆయనే."

ఏకగ్రీవం కావాలని ఇన్ని పార్టీలు కూర్చుని మాట్లాడుకున్నాయి. తాను పెట్టిన తీర్మానాన్ని వెనక్కి తీసుకోవద్దని ఈయన పట్టుబడితే? మంత్రిగారు కూడా సగం లేచి నిలబడ్డారు.

"అధ్యక్షా, ఈ మూడోది నాదే" అన్నారు ఆయన. "నేనే మర్చిపోయాను. పొద్దున ఈ కాగితంలో తేదీ చూశాక గుర్తొచ్చింది. ఆ ఏడు మా కాలవలకు నీళ్లు రాలేదండీ. నారుమళ్లు ఎండిపోతున్నాయి. ఎవరి మీద కోపం చూపించాలో తెలీక, పుస్తకం మొత్తం మార్చేయమన్నాను. కాలవలో నీళ్లు రాకపోతే లాకుల దగ్గరకెళ్లి చూసుకోవాలి. నేను కాలవే పూడ్చేసి కొత్తది తవ్వమన్నాను." చేతిలో కాగితం బల్ల మీద పెట్టారు. "కుర్రతనం అధ్యక్షా. ఆ పుస్తకం రాసినవాళ్లు మనకంటే ఓపిక ఉన్నవాళ్లు. నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను."

బల్లలు మోగాయి. రెండు వైపులా. ఆయన కూర్చోబోతూ మళ్లీ నిలబడ్డారు. "ఇంకొక్కటి అధ్యక్షా. ఇన్నేళ్లూ నా తీర్మానం ఎవరికీ దొరక్కుండా ధన్యవాదాల కింద దాచిన వారెవరో గాని, వారికి నా ధన్యవాదాలు!"

సభంతా పెద్దగా నవ్వింది. స్పీకర్ గారు నవ్వారు. కింద అధికారుల వరసలో మా డిప్యూటీ సెక్రటరీ గారు తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నారు. ఆ నవ్వుల్లోనే ఆయన కూర్చుంటూ ఇంకేదో అన్నారు, చేయి ఊపుతూ. ఎవరికీ వినిపించలేదు. స్పీకర్ గారు ఓటుకు పెట్టారు. "అవును" అన్న మాట ఒకే గొంతుగా వచ్చింది. "కాదు" అనేవాళ్ల కోసం స్పీకర్ గారు ఆగారు. ఎవరూ లేరు. మూడు తీర్మానాలూ వెనక్కి వచ్చాయి.

పక్కకు చూస్తే మాస్టారి కుడిచేతి చూపుడువేలు పంచె మీద, మోకాలి దగ్గర, ఇంకా కదులుతోంది. గీతలు, చుక్కలు, కొక్కేలు. సభ జరిగినంతసేపూ రాస్తూనే ఉన్నారు.

మధ్యాహ్నం ఆ పేజీల కాపీ నా చేతికి వచ్చింది. ఈసారి ప్రతి అక్షరం చదివాను. ధన్యవాదాల మాట తర్వాత బ్రాకెట్లో 'నవ్వులు' అని మాత్రం ఉంది. ఆ తర్వాత ఓటు.

సాయంత్రం స్టాఫ్ బస్సులో మాస్టారిని కిటికీ పక్కన కూర్చోబెట్టాం. బ్యారేజీ మీదకు వచ్చేసరికి ఆయన తనలో తానే నవ్వుకుంటున్నారు.

"ఏంటి మాస్టారూ?"

"నవ్వుల్లో కలిసిపోయిన మాట మీరెవరూ వినలేదు కదూ?"

"మీరు విన్నారా?"

"నా సర్వీసంతా గోలలోనే విన్నానమ్మాయ్." వేలిని మోకాలి మీద పెట్టి, రాసింది తిరిగి చదువుతున్నట్టు చెప్పారు. "'ఎవరో చదవకుండా చీటీ రాశారంటున్నారు. పార్టీ ఆఫీసువాళ్లు చేతిలో పెట్టిన కాగితాన్ని నేను మాత్రం చదివి పెట్టానా!'"

భాయ్ గారు ముందు సీటు కడ్డీ పట్టుకుని వంగిపోయారు. నాకు నవ్వు ఆగలేదు. పక్క సీట్లవాళ్లు ఏమైందని అడిగితే చెప్పాం, వాళ్లు వెనక సీట్లవాళ్లకు చెప్పారు. నది దాటేలోపు బస్సంతా నవ్వుతోంది.

"మాస్టారూ, దీన్ని రికార్డులో చేర్చమని చెబుదామా?" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ.

"మైకులో పడని మాట రికార్డుకెక్కదు. రూల్ రూలే" అన్నారాయన, ఎంతో గంభీరంగా.

రెండు నెలల తర్వాత నేను రిటైరయ్యాను. ఆ పెద్దాయన కూడా తర్వాత రాజకీయాలు వదిలేసి పొలం చూసుకుంటున్నారు. ఈ సంగతి రాయాలనుకుని ఈమధ్య ఫోన్ చేసి అనుమతి అడిగాను. నేనెవరో చెప్పగానే అటునుంచి ఒకటే నవ్వు. "రాసుకోమ్మా, ఇప్పుడు నన్ను ఓడించేదెవరు!" అన్నారు. అందువల్ల, మైకులో పడని ఆయన మాట అచ్చులోకి రావడం ఇదే మొదటిసారి.